కనుబొమ్మ మీది గాటు

మా చిన్నమ్మ కాంతమణి కూర్చుని అన్నం తినగా నేను ఏనాడూ చూడలేదు. కంచం చేత్తో పట్టుకుని వంటింటి గడపకూ వీధి గడపకూ మధ్య తిరుగుతూ తినేది. అదేమని అడిగితే, "కూసుంటే బువ్వ గొంతుల్నే ఆగుతదే," అనేది. చర్చిలో ప్రసంగం సగం కాకముందే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి పోయేది. ఆమె లేవడం చూసి పాస్టరు అయ్యగారే, ఇక ముగించే వేళైంది కాబోలని ప్రార్థనలోకి దిగేవారని మా ఇంట్లో ఒక హాస్యం. మిషన్ వాళ్ల ఆడపిల్లల ట్రైనింగ్ కాలేజీలో ఆమె డ్రాయింగ్ టీచరు. బోర్డు మీద కుండ గీయడం మొదలుపెడితే, కుండకు మూతి రాకముందే పక్కన మామిడికాయ మొదలయ్యేది.

నేను ఆమె అక్క కూతుర్ని. పేరు మేబెల్. మా ఇల్లు బొల్లారంలో. టీచరు ట్రైనింగు కోసం బోయిన్‌పల్లిలో చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని, కాలేజీలో ఆమె దగ్గరే డ్రాయింగు నేర్చుకునేదాన్ని. కాలుగాలిన పిల్లి అనే మాటకు అర్థం నాకు ఏ పంతులూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

అలాంటి మనిషికి దేవుడు జ్ఞానశేఖర్ చిన్నాయనను జత చేశాడు. ఆయన సర్కారువారి టీకాల ఉద్యోగి. ఖాకీ కోటు, ఖాకీ లాగు, భుజాన తోలు సంచి. ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేసేవాడు. ఆయన బూటు తాడు ముడి వేయడం మొదలుపెడితే, అది పూర్తయ్యేలోపు మనం చాయ్ కాచి, చల్లార్చి, తాగి, కప్పు కడిగి బోర్లించవచ్చు. చొక్కా గుండీలు కింది నుంచి పైకి పెట్టుకుంటూ వచ్చి, మళ్లీ పై నుంచి కిందికి తడిమి చూసుకునేవాడు. ఆయన "నిదానమే ప్రధానం" అంటే, చిన్నమ్మ "ఆలస్యం అమృతం విషం" అనేది. పెళ్లి ప్రమాణాల తర్వాత మొగుడూ పెళ్లాలు మాట్లాడుకున్నది ఆ రెండు ముక్కలేనని మా అమ్మ ఎగతాళి చేసేది.

చిన్నాయన కనుబొమ్మ మీద ఒక గాటు ఉండేది. అది చిన్నమ్మ పుణ్యమే. పెళ్లైన కొత్తలో స్టేషనుకు పోతూ, "పోనియ్, జల్దీ పోనియ్" అని జట్కావాణ్ణి తరుముతుంటే, పరేడ్ మైదానం మలుపులో బండి బోల్తా కొట్టింది. ఆమెకు గీత కూడా పడలేదు. ఆయన కంకర మీద పడి కనుబొమ్మ చీల్చుకున్నాడు. గాయం మానేదాకా ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టి, తను నిలబడి, కుడి చేతి చూపుడు వేలితో రోజూ మందు రాసింది. కుట్లు విప్పాక, లోపల కంకర రవ్వ ఒకటి ఉండిపోయిందని ఆమె అనేది. లేదని ఆయన. "నా వేలుకు తెలుస్తున్నది గదా!" అని ఆమె. "నా మొఖం నాకు తెల్వదా?" అని ఆయన. ఆ తగాదా ఏళ్ల తరబడి అలా నడుస్తూనే ఉండేది, పనిలేని ఆదివారాల్లో మరీను.

నలభై ఎనిమిది ఎండాకాలం నుంచే మా ఊళ్లో ఎవరికీ ఒక్కచోట కాలు నిలవడం లేదు. ఇండియన్ యూనియన్ వాళ్లు నిజాం రాజ్యం సరిహద్దులు బిగించారు. ఉప్పు, కిరోసిన్, మందులు, ఒక్కొక్కటే దుకాణాల్లోంచి మాయమయ్యాయి. రజాకార్లు వీధుల్లో కవాతు చేస్తుంటే తలుపులు వేసుకునేవాళ్లం. రైలెక్కి బెజవాడ పోయేవాళ్లు పోతున్నారు. ఉండేవాళ్లు కూడా మూటలు కట్టుకునే ఉన్నారు. చిన్నమ్మ ఒక్కతే అందరి మధ్య మామూలుగా కనిపించేది, ఊరంతా ఇప్పుడు ఆమె లెక్కనే తిరుగుతున్నది కాబట్టి.

వానలు పడ్డాక భువనగిరి అవతల ఊళ్లలో మశూచి లేచిందని చిన్నాయనను పంపారు. పోవడం ఆయనకు ఇష్టం లేదు. బూటు తాడు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చిన్నమ్మే సంచి తెచ్చి భుజాన తగిలించి, "నడువుండ్రి, బస్సు పోతది," అని గుమ్మం దాటించింది. కొన్నాళ్లకు ఒక బస్సు డ్రైవరు కబురు తెచ్చాడు. టీకా మందు అయిపోయిందట, వచ్చేస్తున్నాడట. ఆ తర్వాత ఆ దారిలో బస్సులు ఆగిపోయాయి. మనిషీ రాలేదు, కబురూ లేదు.

సరిగ్గా అప్పుడే కాలేజీకి దేవసహాయం గారు దిగారు. మద్రాసులో బొమ్మలు చెక్కి అచ్చులు తీసే ఆర్టిస్టు. గుంటూరు వైపు మనిషి. రెండు వారాలు అచ్చుబొమ్మల క్లాసు నడపడానికి మా ప్రిన్సిపాల్ డోరా దొరసాని పిలిపించింది. వస్తుంటే సరిహద్దు తనిఖీలో ఆయన ఉలులను ఆయుధాలనుకుని లాక్కున్నారు. వచ్చాక, తిరిగి పోవడానికి రైళ్లు ఆగిపోయాయి. అలా రెండు వారాల చుట్టం మా నెత్తిన నెలల తరబడి కూర్చున్నాడు. పాపం, మంచివాడు. కాకపోతే చిన్నాయనకు అన్నగారిలా ఉండేవాడు. ఒక వాక్యం మొదలుపెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, అప్పుడు దాన్ని ముగించేవాడు.

ఉలులు లేకపోతే పాత గొడుగుల పుల్లలు విరిచి, బండరాయి మీద నూరి, చెక్క పిడి బిగించుకోవడం నేర్పాడు. గొడుగు పుల్ల లోపల గాడి ఉంటుంది కదా, అదే ఉలి. బొల్లారంలో దొరలు ఖాళీ చేసి పోయిన బంగళా నేలకు పరిచిన, రబ్బరు చాపలాంటి లినోలియం మా నాన్న తెచ్చి ఇచ్చాడు. దాన్ని పలకల్లా కోసుకున్నాం. దాని మీద బొమ్మ గీసి, తెల్లగా రావాల్సిన చోటల్లా చెక్కి తీసేసి, మిగిలిన ఎత్తు మీద సిరా రోలరు దొర్లించి, కాగితం పరిచి గరిటె వెనకతో రుద్దితే అచ్చు పడుతుంది. అంతే విద్య.

మొదటి రోజు దేవసహాయం గారు ఉలి కూడా పట్టుకోనివ్వలేదు. తన ఎడమ అరచేతికి సిరా పూసుకుని కాగితం మీద ఒత్తాడు. "చూడండమ్మా. ఒత్తింది నా ఎడమ చెయ్యి. కాగితం మీద చూస్తే కుడి అరచెయ్యిలా ఉంది. అచ్చంటే అద్దమే. అందుకని బొమ్మను ముందే తిప్పి గీసుకోవాలి. ఈ ఒక్క ముక్క మరిచిపోతే మిగతాదంతా దండగ," అన్నాడు. ఈ ఒక్క ముక్క వినాల్సిన మా చిన్నమ్మ అప్పుడు క్లాసులో లేదు. వీధిలో లారీ చప్పుడైతే, భువనగిరి దారి నుంచేమో అడిగొస్తానని కిటికీ పక్క నుంచే ఉరికింది.

మర్నాడు పొద్దున ఆమె పలక మీద మొఖం గీసుకుని వచ్చింది. చిన్నాయన మొఖం. రాత్రి కళ్లు మూసుకుంటే ఎదురుగా ఎలా కనిపించాడో అలాగే గీసిందట. ఎదురు మనిషిని ఎలా చూస్తామో అలాగే.

"తిప్పి గీశారా టీచరుగారూ?" అని దేవసహాయం గారు అడిగాడు.

"ఆఁ ఆఁ, అన్నీ అయినయ్. రోలరు ఇటియ్యుండ్రి."

ఆయన చిన్నాయనను ఎన్నడూ చూసినవాడు కాదు. ఆమె మాట నమ్మి పక్క పిల్ల దగ్గరికి పోయాడు. మేం చూసినవాళ్లమే కదా అంటారేమో. మీ ఇంట్లో మనిషికి పుట్టుమచ్చ ఏ చెంప మీద ఉందో ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పండి చూద్దాం. మచ్చ ఉన్నదని తెలుస్తుంది, ఎటువైపో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆమె చెక్కుడు చూస్తే భయమేసింది. మేం తీగలు, పువ్వులు గీసుకుని గోళ్లతో గిల్లినట్టు చెక్కుతుంటే, ఆమె నిలబడి, బల్ల చుట్టూ తిరుగుతూ, మధ్యాహ్నానికల్లా మొఖం బయటికి లాగింది. తొందరలో ఒక చెవి సగం ఎగిరిపోయింది. అయినా అచ్చు తీసి ఎత్తి పట్టుకుంటే పిల్లలంతా "అమ్మో" అన్నారు. ఆ వెడల్పు నుదురు, దించుకున్న మీసం, కనుబొమ్మను రెండు ముక్కలు చేసిన గాటు. అచ్చం చిన్నాయనే.

చిన్నమ్మ మాత్రం ఆ కాగితాన్ని దూరంగా పట్టి చూసింది, దగ్గరగా పట్టి చూసింది.

"మేబెల్, గీయన మీ చిన్నాయనేనా?"

"ఆయనే గదా చిన్నమ్మా!"

"ఏమోనే. ఆయనే గని, ఆయన కాదు. ఎవరో పక్కింటాయన నన్ను చూస్తున్నట్టు ఉన్నది."

ఇంటికి వచ్చాక వంటింట్లో పొయ్యి ముందు నిలబడి, "మొఖం మర్చిపోతున్ననే మేబెల్," అంది. "ఇన్నేండ్లు కాపురం చేసిన. నెల తిరగలే, మొఖం మర్చిపోతున్న. గదేం మనిషినే నేను?" అన్నం మాడిపోతున్నా చూసుకోలేదు. నేను గిన్నె దించి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి కూడా ఒక్కచోట ఉండలేదు. ఆ రోజు నాకు ఆమె మీద పుట్టినంత జాలి మళ్లీ ఎవరి మీదా పుట్టలేదు.

ఇంట్లో చిన్నాయన ఫొటో ఒక్కటీ లేదు మరి. పెళ్లి ఫొటో ఉంది. అందులో సరిగ్గా తీసే క్షణాన ఈమె "ఇంకెంతసేపు?" అని ఆయన్ను మోచేత్తో పొడిచింది. ఆయన ఇటు తిరిగాడు. ఆయన మెడ మీద తల ఉండాల్సిన చోట పొగ ఉంది. అందుకే ఆ అచ్చే ఆమెకు దిక్కయింది. భువనగిరి దారిన పోయే ప్రతి లారీవాడికీ, బండివాడికీ, యాప్రాల్ నుంచి కూరగాయలు తెచ్చే బుచ్చమ్మకూ ఒక్కొక్కటి ఇచ్చింది. "గీయన ఏడనన్న కనపడితే చెప్పుండ్రి. గీ గాటు చూసుకోండ్రి, గాటు," అని వేలితో చూపించి మరీ ఇచ్చేది.

దేవసహాయం గారికి ఇది కొరుకుడు పడలేదు. "పది అచ్చులు తీయాలి. తీశాక పలక మీద అడ్డంగా గీత చెక్కెయ్యాలి, మళ్లీ ఎవరూ తీయకుండా. అది మా పద్ధతండీ. మీరు సంత కరపత్రాల్లా తీస్తున్నారు," అన్నాడు.

"గీత చెక్కుడా? ఆయన మొఖం మీదనా?" చిన్నమ్మ పలకను గుండెలకు హత్తుకుంది. "మీ పద్ధతి మీ మద్రాసుల పెట్టుకోండ్రి సార్."

"అది కాదండీ, ఆ గీత..." అని మొదలుపెట్టి ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ వాక్యాన్ని మాత్రం ముగించలేదు. మర్నాడు ఆయనే మిషన్ ప్రెస్సుకు పోయి ఇంకో డబ్బా సిరా అడిగి తెచ్చిపెట్టాడు.

సెప్టెంబరు నడిమి వారంలో యూనియన్ సైన్యం వచ్చేసింది. ఆకాశంలో విమానాలు, ఇళ్లల్లో రేడియో ముందు జనం, వీధిలో పిట్ట కూడా లేదు. వారం తిరక్కముందే నిజాం లొంగిపోయాడని చెప్పారు. నిన్నటి జెండాలు లోపలికి పోయాయి, కొత్త జెండాలు బయటికి వచ్చాయి. బొల్లారం రోడ్డు మీద మిలిటరీ లారీలు వరసగా వస్తుంటే జనం పూలు చల్లారు. మా చిన్నమ్మ అచ్చులు పంచింది. ఒక జవాను అది ఎవరో స్వామి బొమ్మ అనుకుని కళ్లకద్దుకుని లారీ అద్దానికి అంటించుకున్నాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు.

ఆమె భయం వేరే. రజాకార్లు తిరిగింది ఖాకీలోనే. ఇప్పుడు ఊళ్లలో జనం ఖాకీ కనిపిస్తే చాలు పట్టుకుంటున్నారు, కొడుతున్నారు, దొరికినవాణ్ణి మిలిటరీకి అప్పగిస్తున్నారు. కొన్నిచోట్ల అప్పగించేదాకా కూడా ఆగడం లేదట. చిన్నాయన వెంట తీసుకుపోయినవి రెండు జతలు, రెండూ ఖాకీ. "తెల్ల అంగీ తొడుక్కొని పోరాదుండ్రి అంటే, జెర ఆగు, పెట్టె తీస్త అన్నడు. నేనే ఆగలే. నేనే బయటికి తోలిన," అని గోడలకు చెప్పుకున్నట్టు చెప్పుకునేది. ఆయన బతికి ఉన్నాడో లేదో, ఉంటే ఎవరి చేతిలో ఉన్నాడో, అదొక్కటే ఆ ఇంట్లో మాట.

అలాంటి ఒక సాయంత్రం జకర్యా సైకిలు మీద వచ్చాడు. మెదక్ నుంచి మా చర్చికి కొత్తగా వచ్చిన ఉపదేశి. చిన్నాయన పోయాకే వచ్చాడు కాబట్టి ఆయన్ను ఎరగడు. ఊళ్లలో క్రైస్తవ సంఘాలు ఎట్లున్నాయో చూడటానికి తిరుగుతూ, చిన్నమ్మ ఇచ్చిన అచ్చు వెంట పెట్టుకుపోయాడు.

"ఏం లేదు టీచరమ్మా," అన్నాడు, నీళ్లు తాగి. "భువనగిరి ఇవతల ఒక ఊళ్లె బడిల ఖాకీ బట్టలోళ్లను పెట్టిండ్రు. కాపలా ఆఫీసరుకు మన బొమ్మ చూపించిన. ఆయన లోపలికి తీస్కపోయి చూసొచ్చిండు. ఒకడు జెర గిట్లనే ఉన్నడట. టీకాలోణ్ణి అని చెప్పుకుంటున్నడట. గని అందరు అట్లనే చెప్తరట, ఒకడు వంటోణ్ణంటడు, ఒకడు పోస్టోణ్ణంటడు. గాటు సుత ఉన్నది గని, ఎడమ దిక్కున్నదట. బొమ్మల కుడి దిక్కున్నది. నిషాన్ ఉల్టా ఉన్నది, వీడు వేరే అన్నడు."

చిన్నమ్మ నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆగింది.

"ఎడమ దిక్కా?"

"అవును. అందుకే వచ్చేసిన."

ఆమె కుడి చెయ్యి దానంతటదే గాలిలోకి లేచింది, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు, వాళ్ల మొఖానికి మందు రాయబోతున్నట్టు. ఆ చెయ్యి వంకే చూసుకుంది. తర్వాత గోడకున్న అచ్చు పీకి, కిటికీ చువ్వకు వేలాడే చిన్నాయన గడ్డం గీసుకునే అద్దం ముందు పెట్టింది. నేను వెనక నిలబడి చూశాను. అద్దంలో చిన్నాయన ఉన్నాడు. పక్కింటాయన కాదు. చిన్నాయనే, బూటు తాడు వదిలేసి తలెత్తి చూసినట్టు.

"మొఖం మర్చిపోలేదే," అంది. ఏడ్చింది. వెంటనే ఆ ఏడుపు ఆగిపోయింది. "మర్చిపోలే. ఉల్టా చెక్కిన. మేబెల్, నా బొమ్మనే ఆయనను లోపల ఉంచిందే. ఈయన వేరే అని నేనే చెప్పి పంపినట్టయింది గదనే!"

మర్నాడు పొద్దున్నే మిషన్ ఆసుపత్రి మందుల లారీ ఆ దారిన పోతుంటే ఎక్కాం. చిన్నమ్మ, నేను, దారి చూపించడానికి జకర్యా, ఇంగ్లీషులో నచ్చజెప్పడానికి దేవసహాయం గారు. పలక చిన్నమ్మ చేతిలో ఉంది. మేమంతా మందుల పెట్టెల మీద కూర్చుంటే ఆమె డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని దారంతా నిలబడింది. రోడ్డు పక్క కాలిన ఇళ్లు కనిపించాయి.

బడి అంటే రెండు గదులు, ముందు ఒక వరండా. గదులకు తాళాలు. వరండాలో పిల్లల బెంచీలు గోడకు చేర్చి ఉన్నాయి. ఆఫీసరు ఎక్కడో ఉత్తరాది మనిషి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి, నిద్రపోయి ఎన్నాళ్లయిందో. కోపిష్టిలా లేడు, అలిసిపోయినవాడిలా ఉన్నాడు. దేవసహాయం గారు ముందుకు వచ్చి మొదలుపెట్టారు. లినోలియం గురించి చెప్పారు. కళ్లద్దాలు తుడుచుకున్నారు. బల్ల మీది ఇంకు పాడ్ అడిగి అరచెయ్యి ఒత్తి చూపించారు. చిన్నమ్మ వరండా ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంది.

ఆఫీసరు అంతా విన్నాడు. "అర్థమైంది," అని హిందుస్తానీలో అన్నాడు. "బొమ్మ తిరగబడుతుంది, నిజమే. కానీ లోపలున్నవాడికి గాటు ఎడమన ఉందని నిన్న ఈ సైకిలాయనకు నేనే చెప్పాను. ఇవాళ మీరొచ్చి మా ఆయనకూ ఎడమనే అంటున్నారు. రోజూ ఎంతమంది ఆడవాళ్లు వస్తున్నారో తెలుసా? లోపలున్న ప్రతివాడికీ ఒక అమ్మ, ఒక భార్య బయట ఉంది. వీళ్లలో ఇళ్లు తగలబెట్టినవాళ్లున్నారు. నేను చెప్పిన మాట నాకే తిరిగి చెబితే ఎలా వదిలిపెట్టను?"

దేవసహాయం గారు సిరా అంటిన అరచెయ్యి రుమాలుకు తుడుచుకున్నారు. ఆఫీసరు అన్నది న్యాయమే అనిపించింది నాకు.

చిన్నమ్మ తిరగడం ఆపింది. గబగబా వచ్చి ఆఫీసరు ఎదురుగా నిలబడింది. పలక బల్ల మీద పెట్టేసింది. ఏం చేస్తున్నదో మేం గ్రహించేలోపు కుడి చెయ్యి చాచి, చూపుడు వేలు ఆ ఆఫీసరు ఎడమ కనుబొమ్మ మీద ఆనించింది. కాపలా సిపాయి తుపాకీ ఎత్తాడు. ఆఫీసరు కదలకుండా చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు.

"ఈడ," అంది చిన్నమ్మ. హిందుస్తానీ మొదలుపెట్టి, అది చాలక తెలుగులోకి వచ్చేసింది. నేను తడబడుతూ హిందుస్తానీలో అందిస్తున్నాను. "ఈడ, గాటు కింద, తోలు లోపల, జొన్న గింజంత కంకర రవ్వ ఉన్నది. కండ్లకు కనపడదు. ఏ బొమ్మల రాదు. నేను బయటోళ్లకు ఎవ్వరికి చెప్పలే, నువ్వు నాకు చెప్పలే. ఆయన అడిగితే లేదనే అంటడు, ఆయనకు తెల్వదు. నీ వేలుతోని నొక్కి చూడు. మెల్లగ పక్కకు జరుగుతది. లేకపోతే నన్ను సుత లోపల పెట్టు."

ఆఫీసరు ఆమె వేలు తీసేదాకా ఊరుకున్నాడు. ఆ చోటు తనే ఒకసారి తడుముకున్నాడు. తాళం చెవులు తీసుకుని లోపలికి పోయాడు.

ఏళ్ల తరబడి నడిచిన ఆ తగాదా నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఉందని ఈమె, లేదని ఆయన. ఒకవేళ చిన్నాయన మాటే నిజమైతే? ఆయన మొఖం ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? చిన్నమ్మకూ అదే తోచిందో ఏమో, గోడ పక్కన పిల్లల బెంచీ మీద కూలబడింది. మోకాళ్లు గడ్డానికి తగిలేంత పొట్టి బెంచీ. చేతులు ఒళ్లో పెట్టుకుంది. అవి కదలడం లేదు. మా చిన్నమ్మ కూర్చోవడం నేను చూశాను. అలా చూడాలని ఎన్నడూ కోరుకోలేదు.

ఆఫీసరు బయటికి వచ్చాడు. బొటనవేలితో చూపుడు వేలు రాసుకుంటున్నాడు, ఇంకా ఏదో తగులుతున్నట్టు. "హై," అన్నాడు. ఉన్నది.

అయినా మనిషి రాలేదు. చూస్తున్నాం, రాలేదు. గది తలుపు తెరిచే ఉంది. జకర్యా వంగి చూసి, "ఏందో చేస్తుండు టీచరమ్మా, గుండీలు పెట్టుకుంటున్నడు," అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చెరలోంచి బయటికి రమ్మంటే, చిరిగిన ఖాకీ కోటుకు మిగిలిన గుండీలు కింది నుంచి పైకి పెట్టుకుని, మళ్లీ పై నుంచి కిందికి తడిమి చూసుకుని, అప్పుడు గడప దాటాడు మా చిన్నాయన. గడ్డం పెరిగింది. ఒక కన్ను వాచింది. ఎండలోకి వచ్చి, చేత్తో నీడ పెట్టుకుని, ఎవరెవరు వచ్చారో నిదానంగా చూశాడు.

చిన్నమ్మ లేవబోయింది. కాళ్లు రాలేదు. మళ్లీ ప్రయత్నించింది, రాలేదు. ఊరంతా ఉరికిన మనిషి, నాలుగడుగుల దూరం లేచి పోలేక అక్కడే కూర్చుండిపోయింది.

ఆయనే నడుచుకుంటూ వచ్చాడు. ఆమె పక్కన ఆ పొట్టి బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాడు.

"ఉన్నదట కాంతం," అన్నాడు. "రాయి. ఆ ఆఫీసరు చెప్పిండు. నువ్వే గెలిచినవ్."

ఆమె ఆయన ఎడమ కనుబొమ్మ మీద వేలు పెట్టింది. అలాగే ఉంచింది.

లారీ డ్రైవరు హారను కొట్టాడు. మందులు దింపడమైంది, పొద్దు గూకకముందే తిరిగి పోవాలి. చిన్నాయన లేవడానికి బెంచీ అంచు పట్టుకున్నాడు. చిన్నమ్మ ఆయన కోటు పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది.

"జెర ఆగుండ్రి," అంది.